హాజరు కొట్టంలో మూడో పిలుపు

గురజాల ఊరి చివర, మాచర్ల బాట పక్కన నాపరాళ్లతో కట్టిన పాత కొట్టం ఒకటుండేది. పొద్దుగూకితే ఆ దాపులకి కుక్క కూడా పోయేది కాదు. బండ్లవాళ్లు అర మైలు చుట్టు తిరిగైనా పొలాల్లో పడి పోయేవాళ్లే గానీ, ఆ కొట్టం ముందు నుంచి మాత్రం పోయేవాళ్లు కాదు.

ఎందుకంటే... రాత్రిపూట లోపల ఎవరో పేర్లు పిలుస్తారు.

నేను చూడలేదు బాబూ. విన్నోళ్లు చెప్పింది చెబుతున్నా. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

యుద్ధం రోజుల్లో ఆ కొట్టం పటాలంలోకి మనుషుల్ని చేర్చుకునే ఆఫీసు. పల్నాడు కుర్రాళ్లు అక్కడే వరస కట్టి నిలబడ్డారు. పేరు పిలవంగానే "హాజర్!" అని అరిచారు. రైలెక్కారు. ఎక్కినోళ్లలో చానామంది మళ్లీ దిగలా.

రానోళ్లంతా రాత్రిళ్లు హాజరు పలకడానికి ఆ కొట్టానికి వస్తున్నారని జనం అనుకునేవాళ్లు. ఓ గొర్రెలాయన ఆ గోడ పక్కన పడుకుని, నిద్రమత్తులో "ఆఁ" అన్నాడట. మూడోనాడు జ్వరమొచ్చి పోయాడు. ఆయన పేరు కూడా పట్టీలోకెక్కిందన్నారు. జ్వరం అంతకుముందే ఉందేమో ఎవరడిగారు? అప్పట్నుంచి దానికి హాజరు కొట్టమనే పేరు స్థిరపడింది.

ఇంకో మాట. మావైపు పెద్దోళ్లు పిల్లలకి నేర్పే మొదటి పాఠం ఒకటుంది. రాత్రిపూట ఎవరన్నా పేరుపెట్టి పిలిస్తే ఒకటో పిలుపుకి పలకకూడదు. రెండో పిలుపుకీ పలకకూడదు. దెయ్యం రెండుసార్లే పిలవగలదు. మూడోసారి కూడా పిలిస్తే... మనిషే.

మాచవరం కరుణమ్మకి కూడా ఆ పాఠం తెలుసు. తెలిసే ఆ రాత్రి ఆ కొట్టంలోకి పోయింది. ఏం చేస్తుంది మరి! పీకల మీదికొచ్చింది.

కరుణమ్మకి ఒక్కడే కొడుకు, యేసుపాదం. నలభై రెండులో పటాలానికి పోయాడు. నలభై ఏడొచ్చింది. ఈ ఐదేళ్లలో ఒక కార్డు ముక్క లేదు, కబురు లేదు. బతికున్నాడా, లేడా? ఆ ఒక్కటి తెలిస్తే చాలు ఆమెకి. ఉన్నాడంటే ఎదురుచూస్తుంది. లేడంటే ఏడుస్తుంది. రెంటికీ కాకుండా రోజూ రెండు గిన్నెల్లో కూడు పెట్టుకుని, రెండోది పొద్దున్నే కోళ్లకేసే బతుకు ఎన్నాళ్లు బతుకుతుంది ఎవరైనా?

పేటలో వాళ్లు ఊరుకుంటారా! "పటాలంలోంచి పారిపోయుంటాడులే" అన్నారు. చర్చి అయ్యగారేమో, "కాగితం లేందే చచ్చాడని ప్రార్థన ఎట్టా చేయమంటావమ్మా?" అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు.

కాగితం కోసం ఆమె గురజాల తాలూకా ఆఫీసుకి తొమ్మిదిసార్లు నడిచింది. గుమాస్తా వెంకటప్పయ్య మంచివాడే. ప్రతిసారీ పట్టీ తీసేవాడు, వేలు పెట్టి కిందదాకా చూసేవాడు.

"మాచవరం యేసుపాదమా? లేడమ్మా. బతికినోళ్లలో లేడు, సచ్చినోళ్లలో లేడు. అసలు చేరినోళ్లలోనే లేడు."

"చేరాడయ్యా! నా కళ్లతో చూశా, ఆ కొట్టం ముందే నిలబడ్డాడు!"

"నువ్వు చూస్తే సరిపోద్దా? పట్టీ చూడాలిగా."

పదోసారి పోయినప్పుడు పిడుగులాంటి మాట చెప్పాడు. "ఇంక తిరగమాక. ఆ కొట్టంలో కట్టలన్నీ రేపు పొద్దున తగలబెడుతున్నాం. పైనుంచి ఉత్తరువు."

కరుణమ్మ ఆయన కాళ్ల మీద పడింది. ఒక్కసారి తాళం తియ్యమంది. తాళం తీసే అధికారం నాకు లేదన్నాడు. బయటికొచ్చి చింతచెట్టు కింద కూలబడింది. ఆమెకి అక్షరం ముక్క రాదు. చదవడం రాకపోతేనేం, మోయడం వచ్చుగా! ఎన్ని కట్టలు మోయగలిగితే అన్ని మోసుకుపోయి, ఎవరి కాళ్లో పట్టుకుని చదివించుకుంటుంది.

చీకటి పడింది. కొట్టం వెనక గోడలో ఓ నాపరాయి ఊడిపోయి ఉంది. ఆ సందులోంచి దూరింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. లోపల పాత కాగితాల కంపు, ఎలకల గోల. చేతులతో తడుముకుంటా ఒక కట్ట లాగింది. ఇంకో కట్ట లాగింది. ఏ కట్టలో ఉన్నాడో తన బిడ్డ... ప్రతి కట్టనీ ఒళ్లో పెట్టుకుని చూసింది.

అప్పుడు వినపడింది — కిర్రుమని తలుపు చప్పుడు.

తాళం వేసున్న తలుపు.

కరుణమ్మ కట్టల గుట్ట వెనక్కి నక్కింది. కళ్లు గట్టిగా మూసుకుంది. అడుగుల చప్పుడు... ఒకటి గట్టిగా, ఒకటి ఈడ్చుకుంటా... దగ్గరికొచ్చి ఆగింది.

"గద్దల జోసెఫ్... కారెంపూడి!"

కరుణమ్మ అరుపు బయటికి రాకుండా పైటకొంగు ముద్దచేసి నోట్లో కుక్కుకుంది.

"గద్దల జోసెఫ్!"

రెండు, అని లెక్కపెట్టుకుంది. ఇంక పిలవకూడదు.

"గద్దల జోసెఫ్!"

మూడు! అయితే మనిషే. కానీ తాళమేసిన కొట్టంలో, ఈ వేళప్పుడు మనిషెందుకుంటాడు? సర్కారు దెయ్యానికి మన పల్నాటి లెక్క తెలుసో తెలీదో! కొంగు ఇంకాస్త లోపలికి నొక్కుకుంది.

"దాసరి మస్తాన్‌రావు... రెంటచింతల!" మూడుసార్లు. ఎవరూ పలకలా. ఒక్కో పేరు తర్వాత కాగితం తిప్పిన చప్పుడు... ఓ నిట్టూర్పు... మళ్లీ పేరు. అన్నీ కొడుకుల పేర్లే. ఎవరో ఒక తల్లి ఏ ఊళ్లోనో ఆ పేరు కోసం కాసుకుని కూర్చున్నదే. భయపడుతున్నదల్లా కరుణమ్మ చెవులు రిక్కించింది. యేసుపాదం అని పిలవరా తండ్రీ, దెయ్యానివైనా సరే, ఒక్కసారి పిలువు...

"కె. యల్లమంద... మాచవరం!"

ఆ పేరు వినంగానే ఆమె నోట్లో కొంగుని పళ్లతో బిగబట్టింది.

యల్లమంద!

ఎవరికీ తెలియని సంగతేం కాదు గానీ, పేటలో అందరూ మరిచిపోయిన సంగతి అది. కోటప్పకొండకి మొక్కుకుంటే పుట్టాడని పిల్లాడికి ముందు పెట్టిన పేరు యల్లమంద. వాడికి పదేళ్లప్పుడు తల్లీకొడుకులిద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. ఆనాటి నుంచి వాడు యేసుపాదం. "పాత పేరు నోట రాకూడదమ్మా" అన్నాడు అయ్యగారు. ఆమె పొరపాటున కూడా రానివ్వలా. పాత పేరుకి వాడు "ఓయ్" అని పలికితే వీపు మీద ఒకటి వేసింది కూడా.

"కె. యల్లమంద!"

రెండు. వీడు వాడేనా? పల్నాట్లో యల్లమందలు కోకొల్లలు...

"కె. యల్లమంద!"

"హాజర్!"

గట్టిగా, ఒక్కటే మాట. రాతిగోడలకి తగిలి ఎటు నుంచి వచ్చిందో తెలియలా.

"నాయనా!" కరుణమ్మ నోట్లోంచి కొంగు లాగేసి కేక పెట్టింది. కట్టలు దబదబా పడ్డయ్. లాంతరు వెలుగు ఆమె మొహం మీద పడింది. లాంతరు వెనక నెరిసిన గడ్డం.

"ఎవరమ్మా నువ్వు? యల్లమందకి ఏమవుతావు?"

దెయ్యం కాదు. నాగూర్ వలి. యుద్ధంలో ఈ కొట్టంలోనే హవల్దారు. కుంటికాలు. పేర్లు రాసింది ఆయనే, పిలిచింది ఆయనే, రైలెక్కించింది ఆయనే. ఆఫీసు మూసేసినా తాళంచెవి ఒకటి ఆయన జేబులోనే ఉండిపోయింది.

"పగలు రానివ్వరు చెల్లెమ్మా, నాకిప్పుడు ఉద్యోగం లేదుగా," అన్నాడు గుసగుసగా. "రానోళ్ల పేర్లు వేరే పుస్తకంలో ఎక్కించుకుంటున్నా. ఒక్కొక్కణ్ణీ పిలిచే పంపించా. కాల్చేముందు ఒక్కసారైనా పిలవకపోతే ఎట్టా?"

"నా కొడుకు యేసుపాదం సాయెబూ... మాచవరం..."

ఆయన లాంతరు కింద పెట్టాడు.

"ఆ రోజు వరసలో నలుగురు యేసుపాదాలు నిలబడ్డారమ్మా. ఒక పేరు పిలిస్తే నలుగురు హాజరన్నారు. నాకు విసుగొచ్చింది. ఇంట్లో ఏమని పిలుస్తార్రా, ఆ పేరు చెప్పి చావండి అన్నా. మాచవరం పిల్లోడు కాసేపు నసిగి, యల్లమంద అన్నాడు. తల్లి పేరు కూడా రాయలా నేను. తొందరలో 'తల్లి' అని మాత్రం గీకా. అల్లా నన్ను మన్నించడు."

కట్టలోంచి మూడు కవర్లు తీశాడు. మూడూ అతికించినవి అతికించినట్టే ఉన్నయ్. మూడింటి మీదా ఒకే చిరునామా: కె. యల్లమంద తల్లి, మాచవరం. దాని మీద ఎర్రసిరాతో అడ్డంగా ఏదో రాసుంది.

"చిరునామా పటాలం గుమాస్తాలే పట్టీ చూసి రాసేవాళ్లు. అట్టి మనిషి లేరని పోస్టాయన రాసి తిప్పి పంపాడు. మనిషి దొరకని ఉత్తరాలన్నీ ఇక్కడికే వచ్చేవి," అన్నాడు నాగూర్ వలి.

కరుణమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. అమ్మా, ఎట్టా మరిచిపోయిందో! పోస్టాయన మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి వచ్చి, "యల్లమంద తల్లి ఎవరే మీ పేటలో?" అన్నప్పుడు పక్కనే అయ్యగారున్నాడు. "మా పేటలో యల్లమందలెవరూ లేరు. మేం యేసు బిడ్డలం," అంది గొప్పగా. రెండోసారి అడిగినప్పుడు గుండె ఒక్క క్షణం జల్లుమంది. నా కొడుకు పేరు యేసుపాదం కదా, అని సర్దిచెప్పుకుని లేరనేసింది. మూడోసారి ఆయన నోరు తెరవకముందే, "ఎన్నిసార్లు చెప్పాలి నీకు, లేడని!" అని కసిరి తలుపేసుకుంది.

"చదువు సాయెబూ," అంది.

మొదటిది శిక్షణ పటాలం నుంచి. ఎవరి చేతో రాయించాడు. "అమ్మా, నేను బాగున్నా. ఇక్కడ నా పేరు యల్లమంద. నీకు కోపమొస్తుందని తెలుసు. అయ్యగారితో చెప్పమాక. ఈ పేరు మీదే జాబు రాయించు."

రెండోది ఆసుపత్రి నుంచి. "అమ్మా, పొట్టలో దెబ్బ తగిలింది. పక్క మంచాల వాళ్లందరికీ జాబులొస్తున్నయ్. నాకు రాలా. పాత పేరు చెప్పానని ఇంకా కోపమా? నేను నీ కొడుకునేనే. ఈ ఒక్కసారికి పలకవే."

మూడోది సర్కారుది. నాగూర్ వలి చదివి, మడిచాడు. మళ్లీ విప్పాడు.

"పోయాడమ్మా. నలభై నాలుగు మే నెలలో. అస్సాం అవతల. అక్కడే మట్టిచేశారు."

కరుణమ్మ నోటి మీద కొట్టుకుంది. రెండు చేతులా కొట్టుకుంది. "ఈ నోరే! ఈ పాపిష్టి నోరే! నా బిడ్డ గడపలోకొస్తే మూడుసార్లు లేడన్నానే దేవుడా!" పెదవి చిట్లి రక్తం వచ్చినా ఆపలా. ఆ ముసలాయన చేతులు పట్టుకుని ఆపాడు. ఆయనా ఏడుస్తున్నాడు.

కళ్లు తుడుచుకుని ఆయనే అన్నాడు. "ఆర్నెల్ల నుంచి పిలుస్తున్నా చెల్లెమ్మా. ఏ పేరుకీ పలికినోళ్లు లేరు. ఇవాళ నువ్వు హాజరన్నావు చూడు... నా ప్రాణం లేచొచ్చింది."

కరుణమ్మ ఏడుపు ఠక్కున ఆగింది.

"నేనా? నేననలేదు సాయెబూ. అన్నది నువ్వు కాదా?"

"పిలిచేవాణ్ణి నేనెట్టా పలుకుతాను?"

"నా నోట్లో కొంగుంది..."

నలిగి తడిసిపోయిన కొంగు ఎత్తి చూపించింది. నాగూర్ వలి లాంతరు పైకెత్తాడు. కట్టలు... గోడలు... తెరిచిన తలుపు. తలుపు అవతల మసక చీకటి. ఎవరూ లేరు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఊళ్లో ఎక్కడో కోడి కూసింది.

కరుణమ్మ లేచింది. మూడు కవర్లూ గుండెకి అదుముకుని గడప దాకా నడిచి, ఆ మసక చీకట్లోకి చూస్తా నిలబడింది. భయం లేదు ఆమెకిప్పుడు. గడప దాటి, వరసలో కుర్రాళ్లు నిలబడ్డ చోటనే నిలబడి, గొంతు చించుకుని అరిచింది.

"యల్లమంద తల్లిని నేనేరా నాయనా... హాజర్!"