గోడకు తల ఆనించినవాళ్ళు

చిన్న కథే. ఇడ్లీ వాయి దిగేలోపు చెప్పేస్తాను. ఒక పాత రైల్వే స్టేషన్‌ను బాగుచేశారు, దాని గోడ కుదురుగా ఉండనంది, అంతే. కానీ గోడ సంగతి చెప్పాలంటే పరంధామయ్య సంగతి చెప్పాలి. పరంధామయ్య సంగతి ఎత్తితే కోడిగుడ్ల సంగతి రాకుండా పోదు.

మద్రాసులో మా పేట చూలైలో పరంధామయ్యను అందరూ మేస్త్రీ అంటారు. ఆయన మాత్రం తనను కళాకారుడనుకుంటాడు. పాతకాలపు సున్నపు పూతలో ఆయనకు పేరుంది. సున్నాన్ని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, బెల్లం కలిపి, కోడిగుడ్డు తెల్లసొన పోసి, గోడకు పూసి, నున్నటి రాయితో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. తెల్లసొన గోడకు పోతే పచ్చసొన ఎక్కడికి పోవాలి? మా వీధికి వచ్చింది. పని జరిగినన్నాళ్ళూ ఇంటింటికీ గిన్నెలతో పంచాడు. వీధి వీధంతా అదే పొరటు, అదే పులుసు. నేను గుడ్డు ముట్టను. వాసన మాత్రం నా వాటాకు వచ్చింది.

ఆ స్టేషన్ నా ఇడ్లీ కొట్టుకు ఎదురుగానే ఉంది. ఎర్ర ఇటుకల కట్టడం కాబట్టి ఎర్ర స్టేషన్ అంటాం. జార్జి టౌన్ వైపు జనాన్ని మోసే చిన్న లైను ఒకటి ఉండేదట. నేను ఈ వీధికి కాపురానికి వచ్చేటప్పటికే రైళ్ళు ఆగిపోయాయి. తర్వాత పట్టాలు కూడా పీక్కుపోయారు. ఇక మిగిలినవి ప్లాట్‌ఫారం మీద తుమ్మచెట్లు, వెయిటింగ్ హాల్లో పావురాలు, కాపలాకు గోపాలయ్య. వీటిలో కాస్త కదిలేవి పావురాలే.

అప్పుడు హైదరాబాదు నుంచి ఉజ్వల వచ్చింది. పాత కట్టడాలను బాగుచేసే చదువు చదివిన పిల్ల. తన చేతికి సొంతంగా వచ్చిన మొదటి పని ఇదే. తెలివైంది, మాట గట్టిది, జుట్టు మాత్రం కొబ్బరి పీచు. దాన్ని విరబోసుకుని సున్నపు దుమ్ములో తిరిగేది. కాస్త నూనె రాస్తాను, కూర్చోమ్మా అంటే మొహం ముడుచుకునేది.

"వద్దాంటీ. నాకు నూనె వాసనే పడదు. తలనొప్పి లేస్తది."

నిజానికి ఆ పిల్లకు తలనొప్పి నూనెతో పనిలేకుండానే ఉంది. పై అధికారులకు ఆ స్టేషన్‌ను పడగొట్టి కార్లు నిలిపే చోటు చెయ్యాలని ఉంది. ఉజ్వల వెంటపడి ఒక మాటకు ఒప్పించుకుంది. ముందు వెయిటింగ్ హాలు బాగుచేసి చూపిస్తుంది. గోడ శుభ్రంగా ఉంటే స్టేషన్ నిలుస్తుంది. చెమ్మ మరక కనబడిందా, పాత కట్టడం పనికిరాదని రాసేసి యంత్రం పంపిస్తారు. మద్రాసులో, వానాకాలంలో, చెమ్మ లేని గోడ చూపిస్తానని ఒప్పుకున్న పిల్లను ఏమనాలి? ఏమనాలో పరంధామయ్య రోజూ అనేవాడు.

హాల్లో పొడుగాటి గోడ ఒకటుంది. దాని వెంబడే టేకు బల్ల. బల్లకు పైన, కూర్చున్న మనిషి తల తగిలే ఎత్తులో, వరసగా గుండ్రటి నల్లమరకలు. రైలు కోసం కూర్చున్నవాళ్ళు తల ఆనించి ఆనించి, కొబ్బరినూనె ఇంకి ఇంకి పడిన మరకలు. మన ఇళ్ళలోనూ ఉంటాయి, పెద్దాయన కుర్చీ వెనక. ఉజ్వల వాటిని చూసి ముక్కు మూసుకుంది. పూతంతా గీకించింది. బల్లను మెరుగు పెట్టమని వడ్రంగికి పంపింది. అతను రేపిస్తానన్నాడు. ఆ రేపు చాలా రోజులు నడిచింది.

పరంధామయ్య కొత్త పూత వేశాడు. గోడ అద్దంలా వచ్చింది. అందులో చూసుకుని మీసం కూడా దువ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున మరకలు వచ్చాయి. అదే ఎత్తు. అదే వరస.

"చెమ్మ పైనుంచి దిగుతుంది మేస్త్రీ. పైకప్పు చూసిన్రా?" అంది ఉజ్వల.

"చెమ్మ గుండ్రంగా దిగుతుందా పాపా? ఈడ ఎవుడో తల ఆనించి పండుకున్నాడు. గోపాలయ్యనడుగు, కాపలా ఆయందే గదా."

గోపాలయ్య తలపాగా తీసి చూపించాడు. మా వీధిలో నూనెకు పనిలేని తల అదొక్కటే.

గీకారు. మళ్ళీ పూశారు. మళ్ళీ వచ్చాయి. తలుపుకు తాళం వేశారు. తాళం లోపలే వచ్చాయి. పరంధామయ్య రుద్దుడు రాయిని నేలకేసి కొట్టి, తన పనితనం పోయిందని మా వీధంతా వినబడేలా బాధపడ్డాడు. ఉజ్వల ఎవరి మీద అరవాలో తెలియక నా ఇడ్లీ మీద అరిచింది, ఉప్పెక్కువైందని. ఉప్పు సరిగ్గానే ఉంది.

అధికారులు రేపు వస్తారనగా పరంధామయ్య చివరి పూత వేసి రుద్దడం ముగించాడు. మధ్యాహ్నం దాటింది. ఎవరు పాడుచేస్తున్నారో ఈడనే ఉండి చూస్తానంది ఉజ్వల. ఆమెకు తోడు పరంధామయ్య. నేను టీ ఇవ్వడానికి పోయాను. ఇచ్చి వచ్చేయవచ్చు. అయితే తర్వాత నలుగురు అడిగితే ఏం చెప్పాలి? అందుకని కూర్చున్నాను.

బయట వాన. కరెంటు పోయింది. కిటికీలకు ఇంకా పలకలు కొట్టే ఉన్నాయి. పలకల సందుల్లోంచి బూడిదరంగు వెలుతురు చారలు చారలుగా పడుతోంది. పచ్చి సున్నం వాసన, పులిసిన బెల్లం వాసన, తడిసిన పావురాల వాసన. నేనూ పరంధామయ్యా గోడకు ఎదురుగా బకెట్లు బోర్లించుకుని కూర్చున్నాం. ఉజ్వల ప్లాట్‌ఫారం తలుపు దగ్గర నిలబడింది. గోడ తెల్లగా ఉంది. ఆ మసకలో అదొక్కటే కనబడుతోంది.

చాలాసేపు ఏమీ జరగలేదు. పరంధామయ్య కునుకు తీశాడు.

ముందు వాసన వచ్చింది. కాచిన కొబ్బరినూనె. దాంట్లో నలిగిన మల్లెపూలు.

"ఆంటీ, మీరేనా?" ఉజ్వల గొంతు తగ్గించి అడిగింది.

"నేను ఆముదం రాస్తానమ్మా."

తర్వాత చప్పుడు. టక్... టక్... టక్...

"అన్నా, లెయ్. వినబడతా ఉందా?"

"వానలే మే, అలమేలూ."

"వాన కట్టెకు తగిలినట్టుందే."

చిన్నపిల్లలు బల్ల మీద కూర్చుని కాళ్ళాడిస్తే మడమలు కట్టెకు తగులుతాయి చూడండి, ఆ చప్పుడు. తోచక చేసే చప్పుడు. బల్లేమో వడ్రంగి దగ్గరుంది.

టక్... టక్...

గోడ మీద ఒక మరక తేలింది. మా కళ్ళముందే. కాగితం మీద నూనె బొట్టు పడితే ఎలా పాకుతుందో అలా... నెమ్మదిగా... గుండ్రంగా. దాని పక్కన ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. నడుమ ఒకటి బాగా కిందికి, చిన్నగా.

అక్కడెవరూ లేరు. కూర్చోవడానికి కూడా ఏమీ లేదు.

"పోదాం దా," అన్నాడు పరంధామయ్య. అన్నాడే గానీ లేవలేదు. నేనూ లేవలేదు.

మరకలు కదిలాయి. గుండ్రంగా ఉన్నవి పొడుగయ్యాయి. ఒకదానికి చెవి మడత వచ్చింది. ఒకదానికి చెంప వచ్చింది. నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తలలు తిప్పుతున్నారు. అందరూ... ఒకే వైపు. రైలొచ్చిందా అని చూసేవాళ్ళలాగా, ప్లాట్‌ఫారం తలుపు వైపు.

ఆ తలుపు దగ్గర ఉజ్వల ఉంది.

ఒక చెంప మాత్రం ఎర్రగా తేలింది. పరంధామయ్య "నెత్తురు" అని గొణిగాడు. నెత్తురు కాదు. పసుపు రాసుకున్న చెంప అది. సున్నానికి పసుపు తగిలితే ఎర్రబడుతుంది, హారతి నీళ్ళు కలిపిన ప్రతి ఆడదానికీ తెలుసు. నెత్తురైతే బాగుండుననిపించింది. నెత్తురంటే ఎప్పుడో ఏదో జరిగి ముగిసిపోయినట్టు. ఇది అలా కాదు. పొద్దున స్నానం చేసి, పసుపు రాసుకుని, తయారై వచ్చి కూర్చున్న మనిషి.

ఉజ్వల భయపడాల్సింది. భయపడటానికి ఆ పిల్లకు ఓపిక మిగల్లేదు. రోజుల తరబడి మేస్త్రీతో, వడ్రంగితో, వానతో, పై అధికారులతో వేగి ఉంది. గోడ వైపు చూసి, అరవకుండా, అలసిపోయిన గొంతుతో మాట్లాడింది.

"ఎన్నిసార్లు పూయాలె చెప్పండి? మీరిట్ల ఆనుకుంటే రేపొచ్చి కూలగొడ్తరు. అప్పుడేడ కూర్చుంటరు? జర తలలెత్తి కూర్చోండి. రైలొస్తే నేను చెప్త. నేనే వచ్చి లేపుత. సరేనా?"

టక్ టక్ ఆగిపోయింది.

వాన చప్పుడు కూడా తగ్గినట్టనిపించింది. ఏదో... ఒకేసారి చాలామంది ఊపిరి వదిలినట్టు. పరంధామయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మాటిచ్చేసిందే, అలమేలూ."

"ఎవురికన్నా?"

"అదే చెప్పలేకపోతా ఉండా."

స్టేషన్లో మనవాళ్ళకు అదొక అలవాటు. పక్కన కూర్చున్నది ఎవరో తెలియదు, మీరు కునుకు తియ్యండి, రైలొస్తే నేను లేపుతాను అనేస్తాం. అన్నాక వాళ్ళను వదిలి పోకూడదు. అదేమంత పెద్ద విషయం కాదు, రైలు వచ్చే స్టేషనైతే.

మరకలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ముందు పెద్దవి. చిన్నది చివర పోయింది.

మర్నాడు అధికారులు వచ్చారు. గోడ పాలరాయిలా ఉంది. వాళ్ళలో పెద్దాయన దాంట్లో చూసుకుని క్రాపు సర్దుకున్నాడు. స్టేషన్ నిలుస్తుందని అక్కడే చెప్పేశారు. పరంధామయ్య అదంతా తన తెల్లసొన మహిమేనని చెప్పుకున్నాడు, ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు. తొందర లేదని తెలిశాక వడ్రంగి బల్ల కూడా తెచ్చిచ్చాడు. ఆ మధ్యాహ్నం సంగతి మేం ముగ్గురం ఎత్తలేదు. అంటే, ఉజ్వలా పరంధామయ్యా ఎత్తలేదు.

పని ముగిసింది కాబట్టి ఉజ్వల ఊరికి బయలుదేరింది. సెంట్రల్‌లో సాయంత్రం రైలు. పెట్టె నా కొట్టులో పెట్టి, "ఐదు నిమిషాలు హాలు చూసొస్త ఆంటీ," అని ఎదురుగా పోయింది. పొద్దు వాలింది. నేను వీధి దీపం కింద కూర్చుని చట్నీకి కొబ్బరి తురుముకుంటూ చూస్తున్నాను. ఆమె బయటికి వచ్చేటప్పటికి సెంట్రల్‌లో రైలు వెళ్ళిపోయి ఉంటుంది.

ఆమె జుట్టు నున్నగా దువ్వి ఉంది. నూనె కారుతోంది. పాపిడి తీసి, బిగించి, జడ అల్లి ఉంది. జడలో మల్లెపూలు.

"ఎవరేశారమ్మా జడ?"

"ఏ జడ?" అంటూ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. వేళ్ళు జడ పొడుగునా పోయాయి. ఏమీ తగలనట్టే చెయ్యి తీసేసింది. "దువ్వుకోనీకె టైమేది ఆంటీ? రైలు పోయిందా?"

మళ్ళీ టికెట్ తీసుకుంది. మళ్ళీ ఐదు నిమిషాలని పోయింది. ఆ తర్వాత తీసుకోవడం మానేసింది.

ఇప్పుడు పక్క పేట పురసవాక్కంలో గది తీసుకుని ఉంటోంది. రోజూ పొద్దున్నే వస్తుంది. నా దగ్గర ఇడ్లీ తిని, హాల్లోకి పోయి, బల్ల చివర, తలుపు పక్కన కూర్చుంటుంది. నూనె వాసనకు తలనొప్పి రావడం లేదట. ఏమ్మా, పోలేదా అంటే, ఇంకా రాలేదాంటీ అంటుంది. ఏం రాలేదో నేను అడగలేదు. ఈ వీధిలో నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

గోడ శుభ్రంగా ఉంది. స్టేషన్ నిలిచింది. ఆమె జడ మాత్రం రోజుకొక తీరుగా ఉంటుంది. ఒకనాడు పాతకాలపు ముడి, ఒకనాడు రెండు జడలు మడిచి కట్టినవి. అన్నీ చెయ్యి తిరిగినవాళ్ళు వేసినవే.

నిన్నటిది వంకరగా ఉంది. పాయలు సమంగా లేవు, సగంలోనే ఊడిపోయింది. ఎవరో చిన్నపిల్ల ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నట్టుంది.