తాడుకు అవతలి ఇసుక

"ఇంకెంతసేపు?" అని అడగడం కూడా పిల్లలు మానేశారు. ఎండకు అందరి ఒళ్లూ హూనమైంది. నది సముద్రంలో కలిసే చోట చెత్త ఏరడానికి వచ్చిన ఐదో తరగతి మొత్తం సంచులు ఈడ్చుకుంటూ నడుస్తోంది. అరిచి అరిచి సైన్స్ టీచర్ గొంతు పోయింది. ఆవిడ ఒక రాయి మీద చతికిలబడ్డారు.

"అక్కడ కట్టిన తాడు దాటి ఎవరూ వెళ్లకండి. అవతలి ఇసుకను నమ్మడానికి లేదు," అని పొద్దుటి నుంచి అదే మాట చెబుతున్నారు.

తాడుకు అవతల, నీళ్లకు కాస్త ఇవతల ఒక రేకు డబ్బా తళతళ మెరుస్తోంది.

"టీచర్‌కి చెబుదామా?" అంది ఉడత. ముందుపళ్లు రెండూ కాస్త పెద్దవి కాబట్టి ఆ పిల్లకు ఆ పేరు.

"పాపం, ఆవిడకు ఓపిక లేదే. ఎందుకు విసిగించడం? నేనే తెచ్చేస్తా," అంది ఆరిందా.

ఆరిందా కూడా అసలు పేరు కాదు. పదేళ్లకే పెద్దదానిలా మాట్లాడుతుందని అందరూ అలా పిలుస్తారు. వాళ్లమ్మ ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ చేస్తుంది. ఇంటికి వస్తే కూర్చున్నచోటే కునుకు తీస్తుంది. అందుకని ఆరిందా తన జడ తనే వేసుకుంటుంది. తమ్ముడికి తనే తినిపిస్తుంది. జ్వరం వచ్చినా బయటికి చెప్పదు. "మా పిల్ల బంగారం. దేనికీ నన్ను విసిగించదు," అని అమ్మ అందరితో అంటుంది. ఆ మాట కోసం ఆరిందా ఏమైనా ఓర్చుకుంటుంది.

తాడు కింద నుంచి దూరింది. ఇసుక గట్టిగానే ఉంది. కొన్ని అడుగులు బాగానే పడ్డాయి. ఆ తర్వాత కాలి కింద నేల జెల్లీలా వణికింది. కుడికాలు మోకాలిదాకా దిగబడింది. దాన్ని లాగబోతే ఎడమకాలు కూడా దిగింది.



"ఏమైందే?" అని ఉడత అరిచింది.

"ఏం లేదు! చెప్పు జారింది. నువ్వెళ్లు."

పళ్లు బిగబట్టి లాగింది. ఉడుంపట్టులా ఉంది, కాలు ఊడి రాలేదు. గింజుకున్నకొద్దీ ఇసుక తొడలదాకా వచ్చింది. ఏడుపొస్తే మింగేసింది. ఇందాక దూరంగా ఉన్న నీళ్లు సముద్రపు పోటుకు మెల్లగా దగ్గరవుతున్నాయి.

"ఒసేయ్, చెప్పు జారితే ఎవరైనా సగానికి సగం పొట్టిగా అయిపోతారా?" అంది ఉడత, తాడు మీదుగా ముందుకు వంగి. "టీచర్ని పిలవనా?"

వద్దనబోయింది ఆరిందా. ఇంతలో అల నురుగు డబ్బాను తాకి వెనక్కి పోయింది. మళ్లీ వచ్చి డబ్బాను తేల్చేసింది.

"టీచర్!" అని ఆరిందా గట్టిగా అరిచింది. "ఇరుక్కుపోయాను! నా వల్ల కావడం లేదు!"

టీచర్ పరుగెత్తుకొచ్చారు. పిల్లలందరినీ తాడు దగ్గరే ఆపేశారు. చెత్తకుప్పలోంచి ఒక పొడవాటి చెక్క లాగి, ఇసుక మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుని చేయి చాచారు.

"లాగకు. ముందు ఊపిరి తీసుకో."

"నన్ను మింగేస్తుందా టీచర్?"

"మింగదు. ఈ తడి ఇసుక నీకంటే బరువైంది. మహా అయితే నడుందాకా దిగి, ఆపైన తేలతావు."

"మరి కాళ్లు వదలదేం?"

"ఈ రేణువుల సందుల నిండా నీళ్లే. కదిలించకపోతే రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని గట్టిగా ఉంటాయి. నువ్వు అడుగేయగానే ఆ పట్టు చెదిరి జారిపోయాయి. ఇప్పుడు నీ కాళ్ల చుట్టూ చేరి బిగుసుకున్నాయి. గట్టిగా లాగితే కాలి కింద ఖాళీ రావాలి కదా? అందులోకి నీళ్లు అంత తొందరగా రాలేవు. అందుకే కిందికి పీల్చినట్టుంటుంది. వెనక్కి వాలు, నా చేతి మీద. కాళ్లు కొంచెం కొంచెం ఆడించు. నీళ్లు లోపలికి దారి చేసుకుంటాయి."

ఆరిందా వాలింది. కాళ్లు ఆడించింది. చాలాసేపు ఏమీ జరగలేదు. నీళ్లు చెక్క అంచుకు వచ్చాయి. టీచర్ చేయి మాత్రం కదల్లేదు. చివరికి ఇసుక "బుడుక్" మని ఒక కాలిని వదిలింది. కాసేపటికి రెండోదీ వచ్చింది. చెప్పులు లోపలే ఉండిపోయాయి.

ఇద్దరూ పాకుకుంటూ పొడి ఇసుక మీదికి వచ్చి వెల్లకిలా పడ్డారు. లేచే ఓపిక ఇద్దరికీ లేదు.

"తాడు దాటావు సరే. ఇరుక్కున్నాక వెంటనే ఎందుకు పిలవలేదు?"

"మీరు అలసిపోయారని."

టీచర్ ఆమె వైపు తిరిగారు.

"అలసిపోయాను, నిజమే," అన్నారు. "అయినా వచ్చాను కదమ్మా."

ఆ సాయంత్రం టీచరే ఆరిందాతో ఇంటిదాకా వచ్చారు. "లోపలికి వచ్చి మీ అమ్మతో నేను చెప్పనా?" అని వాకిట్లో అడిగారు.

"నేనే చెబుతానండి. మీరు ఇక్కడే ఉండండి."

అమ్మ డ్యూటీకి తయారై, మంచం అంచున కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎలా గడిచింది తల్లీ?" అంది, కళ్లు మూతలు పడుతుండగానే.

"బాగానే..."

అమ్మ తల పక్కకు వాలిపోయింది. మామూలుగా అయితే ఆరిందా చప్పుడు చేయకుండా పక్కకు తప్పుకునేది. ఇవాళ అమ్మ భుజం పట్టుకుని కుదిపింది.

"అమ్మా, లే. బాగా జరగలేదు. మోకాలు నొప్పెడుతోంది. చాలా భయమేసింది. నీకు చెప్పాలి."

అమ్మ కళ్లు తెరిచింది. కూతురి కాళ్లకున్న బురదను చూసి ఉలిక్కిపడి, ఆ కాళ్లను తన ఒళ్లోకి లాక్కుంది.

"చెప్పమ్మా," అంది.

ఆరిందా ముందు ఏడ్చింది. తర్వాత చెప్పింది.