మొదలు తెలియని బొమ్మలు

ఆ ఆదివారం మధ్యాహ్నం మిషనమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ముందుగదిలో తన భర్తతో కూర్చున్న ఆయన ముగ్గురు ముసలి స్నేహితుల వంక చూసి, "ఇంక వెళ్ళండి అన్నయ్యా. వచ్చే వారం నుంచి ఇక్కడ చేరకండి" అంది. గొంతు పెంచలేదు. మాటలో విసురూ లేదు. కానీ ఇన్నేళ్ళుగా టీ కప్పులు అందించి పక్కకు తప్పుకోవడమే తప్ప ఒక్కమాట ఎక్కువ మాట్లాడని మనిషి అలా అనేసరికి ముగ్గురూ లేచి నిలబడ్డారు. వాళ్ళలో డ్రాయింగు మాస్టారి చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. వాళ్ళు చెప్పులు వేసుకుని గుమ్మం దిగగానే ఆమె తలుపు మూసి, కుట్టుమిషను ముందు కూర్చుని, ఎవరో చిన్నపిల్ల గౌనుకి అంచు కుట్టడం మొదలుపెట్టింది. సూది కనబడటం లేదు... కళ్ళ నిండా నీళ్ళు!

కుట్టుపని చేస్తుంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె మిషనమ్మ. ఆమె భర్త, కూల్చేసిన పాత సినిమా హాల్లో ముప్పై ఏళ్ళు ఆపరేటరు. పైన చిన్న గదిలో నిలబడి, రెండు పెద్ద యంత్రాల మధ్య చెమటలు కక్కుతూ ఊరందరికీ బొమ్మ వేసి చూపించిన మనిషి. హాలు పోయాక ఆయనకి మిగిలింది ఈ ముగ్గురే. టికెట్లు చింపిన గేటు, ఇంటర్వెల్లో సోడాలు అమ్మిన సోడా, వచ్చిన ప్రతి బొమ్మా మొదటిరోజే చూసిన డ్రాయింగు మాస్టారు. అసలు పేర్లు వాళ్ళే మర్చిపోయి ఉంటారు!

ఆదివారం వస్తే చాలు, వాళ్ళ కబుర్లకి అంతుండేది కాదు. వాళ్ళు సినిమా అనరు, బొమ్మ అంటారు. అందులో హీరో ముందు టింగురంగడిలా పైలాపచ్చీసుగా తిరగాలి, హీరోయిన్ కాలేజీ ముందు బీటు వేయాలి, మావగారికి మస్కా కొట్టాలి. నర్సుగా పనిచేస్తున్న కూతురు ఒకసారి వచ్చి టింగురంగడంటే ఏంటి నాన్నా అని అడిగిన పాపానికి గంటసేపు కదలనివ్వలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పనీపాటా లేకుండా తిరిగేవాడని గేటు అన్నాడు. కాదు, నడుస్తూ కూనిరాగం తీసేవాడని సోడా అన్నాడు. ఆ మాటకి అర్థం లేదు, వింటే మనిషి కళ్ళముందు కనబడతాడు, అంతేనని మాస్టారు తేల్చారు. ఆ అమ్మాయి నవ్వలేక చచ్చి, డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళింది.

ఆ మధ్య మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. పాత హాలు గురించి, అందులో పనిచేసినవాళ్ళ గురించి ఒక చిన్న పుస్తకం రాయాలని. అందులో మొదటి వ్యాసం ఆపరేటరు మీద. రాసింది ఆ ఆదివారం అందరికీ చదివి వినిపించారు. "ఆయన చేతిలో తెర ఒక్కసారి కూడా తెల్లబడలేదు. ముప్పై ఏళ్ళు ఆ గదిలో ఒంటరిగా..." అని చదువుతుంటే ఆపరేటరు మురిసిపోతూ, అవునవును, ఆ గదిలో నేనూ నా మిషన్లూ తప్ప ఇంకెవరున్నారు అన్నాడు.

వంటింట్లో టీ వడకడుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒంటరిగానా...? ఆ మాట రాసినాయన్ని ఆమె తప్పుపట్టలేదు. ఆయనకేం తెలుసు! తెలిసిన మనిషి, కట్టుకున్న మనిషి, అవునవును అన్నాడే... అదీ గుండెలో దిగబడింది!

రెండు ఆదివారాలు ఆ ఇంట్లో నవ్వులు లేవు. ఆపరేటరు కిటికీ దగ్గర కూర్చుని వీధి వంక చూస్తూ గడిపాడు. తప్పేం చేశానో చెప్పమని రెండుసార్లు అడిగాడు. ఆమె ఏమీ లేదంది. కూతురికి ఫోన్ చేసి మీ అమ్మకి ఒంట్లో బాగాలేదేమో చూడమన్నాడు. కూతురు వచ్చి నాడి చూసింది, బీపీ చూసింది. అన్నీ బాగున్నాయంది. వెళ్తూ వెళ్తూ మాత్రం తండ్రిని గుమ్మం దాకా పిలిచి, అమ్మకి జబ్బు లేదు నాన్నా, నువ్వే ఏదో మర్చిపోయి ఉంటావు, కాస్త కూర్చుని ఆలోచించు అని చెప్పి పోయింది.

ఆయన ఆలోచించాడు. పెళ్ళిరోజు మర్చిపోయాడా? లేదు. కళ్ళజోడు మార్పిస్తానన్నాడా? అదీ లేదు. ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు. మూడో ఆదివారం ఆ మౌనం భరించలేక ఒక కుర్చీ లాక్కుని ఆమె మిషను పక్కనే కూర్చున్నాడు. మాట్లాడటానికి ఆయనకి బొమ్మలు తప్ప ఇంకేం తెలుసు గనక! లైట్‌హౌసు బొమ్మ గురించి ఎత్తుకున్నాడు. నూట పది రోజులు ఆడిన బొమ్మ.

ఆమె వెంటనే లేచింది. టీ పెడతానంది.

"టీ వద్దోయ్. కూర్చో" అన్నాడాయన. "మా వాళ్ళు రావడం మానేశారు, సరే. నువ్వయినా విను."

ఆమె కూర్చుంది గానీ చెవులు మూసుకోవడం ఒక్కటే తక్కువ. ఆయన ఎక్కడ మొదలుపెడితే ఏం వినాల్సొస్తుందోనన్న భయంతో తనే గబగబా అందుకుంది. "మొదలొద్దు. తండ్రికి చూపు పోయిన దగ్గర్నుంచి చెప్పండి."

ఆయన సరేనన్నాడు. లైట్‌హౌసు కాపలాదారుడికి చూపు పోతుంది. కూతురు రోజూ మెట్లెక్కి దీపం వెలిగిస్తుంది. దొంగ పేరుతో వచ్చిన హీరో కింద పడవ బాగుచేస్తుంటాడు. తర్వాత... తర్వాత ఏమైందో ఆయనకి చప్పున గుర్తు రాలేదు. వయసు మరి! నుదురు రుద్దుకున్నాడు.

ఆమె తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది. "ఆ అమ్మాయి మెట్ల మీద జారుతుంది. హీరో పట్టుకుంటాడు. 'తస్సదియ్యా, దీపం పైనుందనుకున్నా, చేతిలో పడిందే' అంటాడు. హాలంతా ఈలలు. అక్కడ కుడిపక్క పైమూల మచ్చ పడుతుంది. మీ చెయ్యి అన్నంలో ఉంది. నేను రెండో మిషను మోటారు వేశాను. ఇంకో మచ్చ పడగానే దీన్ని మూసి దాన్ని తెరిచాను. మీరు తల కూడా ఎత్తలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నారు."

ఆయన నుదురు రుద్దుకుంటున్న చెయ్యి దించి ఆమె వంక తిరిగాడు.

పదిహేను నిమిషాలకో రీలు. అది అయిపోయే ముందు తెర మూల చిన్న గుండ్రటి మచ్చ రెండుసార్లు పడుతుంది. అది కనిపెట్టి యంత్రం మార్చకపోతే తెర తెల్లబడి, జనం కుర్చీలు విరగ్గొడతారు. అందుకే ఆపరేటరు కూర్చుని నాలుగు ముద్దలు తినడానికి వీలుండేది కాదు. పెళ్ళైన ఏడాదికి, మధ్యాహ్నపు ఆట ఇంటర్వెల్లో క్యారేజీ పట్టుకుని ఆమె ఆ ఇనుప మెట్లెక్కడం మొదలైంది. మొదట్లో మచ్చ పడగానే చెప్పేది. తర్వాత తర్వాత అన్నం ముందునుంచి ఆయన్ని లేపడం ఎందుకని తనే మార్చడం నేర్చుకుంది. పద్దెనిమిదేళ్ళు... మండే కార్బన్ పుల్లల వేడిలో, చిన్న కంతలోంచి తెర చూస్తూ నిలబడి, మొగుడు స్థిమితంగా నాలుగు ముద్దలు తిని కాస్త కూర్చోవాలని... పద్దెనిమిదేళ్ళు!

ఆ మనిషికి అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. వేడివేడి అన్నం గుర్తుంది. రెండో ఆటలకీ మూడో ఆటలకీ నిలబడే ఓపిక ఆ సగం ఆట కూర్చోవడం వల్లే వచ్చిందని గుర్తుంది. ఆ సగం ఆట తెర ఎవరు చూశారో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

"నేను ఒంటరిగా అన్నానా?" అన్నాడు. "మాస్టారు రాస్తే... నేను అవునన్నాను కదూ?"

ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఎంత మనిషినే నేను..." అంటూ ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా అంత భయపడి ఉండడు. తర్వాత అడిగాడు, మరి మొదలెందుకొద్దన్నావని. ఇంటర్వెల్‌కి ముందు సగం ఒక్క బొమ్మదీ చూసి ఉండవు కదా, నేను చెప్తాను వినమన్నాడు. ఆదివారం వాళ్ళు బొమ్మ మొదలు ఎత్తుకోగానే ఆమె టీ వంకతో లేచిపోవడం ఇప్పుడు గుర్తొచ్చింది. ఇష్టం లేక లేచిపోతోందనుకున్నాడు ఇన్నాళ్ళూ.

అప్పుడు చెప్పిందామె, ఎవరికీ చెప్పని సంగతి.

ఆయన తల్లి అప్పటికే కాలుజారి నడుం విరిగి మంచాన పడింది. ఆవిడకి స్నానం చేయించి, అన్నం పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెడితే గానీ మిషనమ్మ ఇల్లు కదలడానికి లేదు. అందుకే ఎప్పుడూ సగం బొమ్మే! ఇంటికి రాగానే అత్తగారు, ఇవాళేం చూశావే అని అడిగేది. కోడలు చూసింది చూసినట్టు చెప్పేది. అంతకుముందు ఏం జరిగిందే అని అడిగేది. నాకేం తెలుసు అత్తయ్యా అనేది. అయితే మనమే చెప్పుకుందాం అనేది ఆవిడ. అలా పద్దెనిమిదేళ్ళు, పిల్ల బడి నుంచి వచ్చేదాకా, ఇద్దరూ కలిసి ప్రతి బొమ్మకీ ఒక మొదలు అల్లారు. ఆవిడ కిటికీలోంచి ఆకాశం తప్ప వేరే లోకం ఎరగదు. కానీ ఓడలు తెచ్చింది, విడిపోయిన కవలల్ని తెచ్చింది, కోర్టులు పెట్టించింది.

"మా అమ్మ మందిచ్చే డాక్టర్ని టింగురంగడనేది" అన్నాడు ఆయన మెల్లగా. "ఆ మాటలన్నీ ఎక్కడ నేర్చిందా అనుకునేవాణ్ణి."

"నేనే తెచ్చేదాన్ని, మీ హాల్లోంచి" అంది ఆమె. "ఆవిడ పోయిన ఏడాదే హాలూ మూసేశారు. ఇప్పుడు టీవీలో అవే బొమ్మలు వస్తాయి. మొదలు వస్తుంటే కట్టేస్తాను. అసలు మొదలు చూస్తే అత్తయ్య చెప్పింది చెరిగిపోతుందేమోనని... అంతే. మీరు చెప్పబోతే అందుకే వద్దన్నాను."

ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మంచాన ఏళ్ళకేళ్ళు గోడ చూస్తూ గడిపిందనుకున్న తల్లి... రోజూ ఒక బొమ్మ చూసి పోయింది! చూపించింది తను కాదు, తన భార్య. ఆమె ఆయన తల నిమురుతూ కూర్చుంది. కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

తర్వాతి ఆదివారం ముగ్గురినీ ఆయనే వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పిలుచుకొచ్చాడు. సెలవు పెట్టి కూతురు కూడా వచ్చింది. వాళ్ళు వచ్చీరాగానే ఆపరేటరు మాస్టారి చేతికి కలం ఇచ్చి, నేను చెప్పింది రాయండి అన్నాడు. మధ్యాహ్నపు ఆట రెండో సగం పద్దెనిమిదేళ్ళు నడిపింది నా భార్య, ఆ సగంలో తెర తెల్లబడకపోవడం ఆమె గొప్ప, నాది కాదు అని. మాస్టారు రాస్తూ రాస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మన్నించమ్మా అన్నారు. మిషనమ్మ సిగ్గుపడి, మీకెలా తెలుస్తుంది అన్నయ్యా, ఆ రోజు నేనే తొందరపడ్డాను అంది. గేటు మాత్రం, మెట్లెక్కేటప్పుడు రోజూ చూసేవాణ్ణి, క్యారేజీ ఇచ్చి వెళ్ళిపోతుందనుకున్నాను, ఎంత తెలివితక్కువ వాణ్ణి అని తల బాదుకున్నాడు. మాస్టారు అప్పటికే కొట్టేసిన 'ఒంటరిగా' అన్న మాట మీద ఇంకో గీత కూడా గీశారు.

కూతురు టీ పెడతానని లేచింది. తల్లి లేవలేదు. ఆ గదిలో మొదటిసారి కుర్చీలో వెనక్కి జారగిలబడి కూర్చుంది. ఆపరేటరు స్నేహితులతో, ఇవాళ ఎవరూ మొదలు చెప్పకండి, ఆమె చెప్తుంది అన్నాడు. లైట్‌హౌసు బొమ్మ అన్నాడు సోడా. అందరూ ఆమె వంక తిరిగారు.

"ఇది నేను అల్లింది కాదు, మా అత్తయ్యది" అని మొదలుపెట్టింది మిషనమ్మ. "ఆ కాపలాదారుడికి పెళ్ళాం ఉండేది. ఒకరోజు ఏదో మాట పట్టింపు వచ్చి, పిల్లని వదిలేసి ఓడెక్కి వెళ్ళిపోయింది. అంతవరకూ అక్కడ దీపమే లేదు. ఆయన రాయి మీద రాయి పేర్చి, ఏడేళ్ళు కష్టపడి ఆ లైట్‌హౌసు కట్టాడు. ఊళ్ళో వాళ్ళంతా ఓడల కోసమనుకున్నారు. కాదు. తిరిగొస్తే దారి కనబడాలని. పిల్లకి కూడా అదే చెప్పాడు, మీ అమ్మ చూస్తుంది, దీపం ఆరనివ్వకు అని. అందుకే చూపు పోయినా ఆ మనిషి మెట్ల మీదే కూర్చుంటాడు..."

మాస్టారు ఆ బొమ్మ తొమ్మిదిసార్లు చూశారు. అసలు మొదలు హీరో జైల్లోంచి తప్పించుకోవడంతో ఉంటుందని అందరికీ తెలుసు. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు.

"తర్వాత?" అన్నాడు ఆపరేటరు.

"తర్వాతేముంది, ఇంటర్వెల్" అంది ఆమె నవ్వుతూ. "అక్కడ నేను మెట్లెక్కాను."