ఆకుపచ్చ టేపు

నోవీ సాద్ నగరంలో మా ప్రయోగశాల విశ్వవిద్యాలయం నేలమాళిగలో ఉంది. జ్ఞాపకశక్తి తగ్గిన ముసలివాళ్ళు వస్తారు. వాళ్ళ తలకి అయస్కాంతపు కాయిల్ ఆనిస్తాను. అది టకటకలాడుతుంది. తర్వాత పన్నెండు మాటలు అప్పజెప్పమంటాను. పోల్చి చూడడానికి కాయిల్స్ రెండు, ఎవరికి ఏది పెట్టాలో చీటీలు వేసి తేలుస్తాం. ఒకటి అసలుది, రెండోది చప్పుడే తప్ప ఏమీ చెయ్యని ఉత్తుత్తిది. చూడడానికి కవలపిల్లలే. అందుకే ఉత్తుత్తిదానికి ఆకుపచ్చ టేపు అంటించాం.

ఒకరోజు స్పిరిట్‌తో తుడుస్తుంటే టేపు ఊడొచ్చింది. ఏది ఏదో తేలాలంటే నా తలకే పెట్టుకుని చూస్తే చాలు, అసలుదైతే బొటనవేలు ఎగిరిపడుతుంది. రెండు నిమిషాల పని. కాఫీ చల్లారిపోతోందని ఏదో ఒకదానికి అంటించేశాను. నా బద్ధకం పాడుగాను!

ఆ తర్వాత వచ్చిన రదివోయ్ అనే పెద్దాయనకి చీటీలో ఉత్తుత్తిది వచ్చింది. పది రోజులు టేపు ఉన్నదే పెట్టాను. పదకొండో రోజు ఆయన రాలేదు. నాలుగింటికే చీకటిపడే డిసెంబరు సాయంత్రం, కోటు మీద మంచు దులుపుకుంటూ ఆయన భార్య పెర్సిదా వచ్చింది.

"బాబూ, మా ఆయన ఒకటే ఏడుపు, కూతురు కూతురు అంటూ. చలిలో తలుపు కొడుతుంటే తీయలేదట. నా వల్లే చచ్చిపోయిందంటాడు."

"ఎప్పుడు జరిగిందమ్మా?"

"ఎప్పుడేమిటి నీ మొహం! నలభై ఏళ్ళ కాపురంలో మాకు పిల్లాజెల్లా లేరు." గొంతు తగ్గించింది. "నీ యంత్రంలో ఏమన్నా తేడా వచ్చిందా? నిజం చెప్పు నాయనా."

నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. "మీ ఆయనకి పెట్టింది ఉత్తుత్తిదమ్మా," అన్నాను. ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఆవిడ వెళ్ళాక టేపున్న కాయిల్ నా తలకి ఆనించి మీట నొక్కాను. బొటనవేలు ఎగిరిపడింది. పది రోజులూ ఆయనకి అసలుదే పెట్టాను!

అంతలో... తడిసిన ఉన్ని వాసన. ఏదో గుర్తొచ్చింది. బయట మంచు. తలుపు మీద చిన్న పిడికిలి. లోపల పొయ్యి దగ్గర నేను... కదలకుండా. పెళ్ళే కాని నాకు ఆ పిల్ల పేరు తెలుసు. స్మిల్యా. రాత్రంతా సిగ్గుతో, భయంతో కన్ను మూయలేదు.

మర్నాడు ప్రయోగశాలకి పెర్సిదా ఫోన్ చేసింది.

"ఆయన నిమ్మళించాడు బాబూ! ఏ కూతురు, ఎవరి కూతురు అని నన్నే అడుగుతున్నాడు. చిక్కుడుగింజల సూపు రెండు గిన్నెలు లాగించాడు. చల్లగా ఉండు నాయనా!"

ఆ దీవెన చెంపదెబ్బలా తగిలింది. "అమ్మా, తప్పు నాది. నిన్న మీకు అబద్ధం చెప్పాను..."

"సర్లే, తర్వాత చెబుదువుగాని. ముందు ఆ తలుపు తియ్యి."

"ఏ... తలుపు?"

"ఎవరో పిల్ల కొడుతోందిగా. ఏడుస్తోంది కూడా... పాపం, తియ్యి నాయనా."

నాకేమీ వినబడలేదు. మా గదికి అద్దం తలుపు. అవతల వరండా ఖాళీ. అయినా వెళ్ళి తీశాను. ఎవరూ లేరు. మళ్ళీ మూశాను.

అద్దం మీద, నా నడుమెత్తున, ఊపిరి ఆవిరి... ఇవతలి వైపు.