సేనాని శవపేటిక

జహీరుద్దీన్ బ్యాగులో రజిత షేర్వానీ మడిచి పెట్టింది. దాని మీద అత్తరు సీసా, కళ్ళజోడు. కళ్ళజోడు కమ్మీలో బియ్యపు గింజంత మైక్రోఫోన్ ఉంది. మస్కట్‌లో, దార్సైట్ పేటలోని ఆ ఫ్లాట్ దాటితే జహీర్ హైదరాబాదు నుంచి వచ్చిన పాత వస్తువుల వ్యాపారి. రజిత ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టర్ రమణి. ఇద్దరికీ జీతమిచ్చే ఆఫీసుకు మాత్రం బోర్డు లేదు.

"వచ్చేటప్పుడు వేసుకోవడానికి చొక్కా పెట్టలేదు, జహీర్ భాయ్."

"పొద్దున పోయి సాయంత్రం వచ్చేటోనికి చొక్కా ఎందుకమ్మా? మా బేగం కూడ ఇంత సర్దదు."

"ఆమె మీరు వ్యాపారానికి పోతున్నారనుకుంటుంది."

"వ్యాపారమే గద. శవపేటిక కొననీకి పోతున్న."

అది మామూలు శవపేటిక కాదు. వందేళ్ల కిందట చైనా ముక్కలై, ఎక్కడికక్కడ ఒక్కో సేనాని ఏలుకున్న రోజుల్లో వింతలకు కొదవ లేదు. సైనికులు తుపాకీతో పాటు గొడుగూ మోసుకెళ్ళేవారట. వాన పడితే రెండు పక్షాలూ యుద్ధం ఆపేసేవట. ఒక సేనాని, గెలవకపోతే ఇందులోనే తిరిగొస్తానని శవపేటిక వెంటబెట్టుకుని యుద్ధానికి పోయాడట. ఓడిపోయాడు. మాట తప్పలేదు. అందులోనే వచ్చాడు, లేచి కూర్చుని, చుట్ట కాలుస్తూ.

ఆ శవపేటికతో పాటు ఆనాటి సామానంటూ మస్కట్‌లో ఎగ్జిబిషన్ పెట్టిన ముఠా పేరు గొడుగు. దానికి ఏ దేశపు జెండా లేదు. భారత నౌకాదళానికి రహస్య సంకేతాలు రాసే ఇంజనీరు రఘుపతి మస్కట్ హోటల్లోంచి మాయమయ్యాడు. ఈరోజు ఎగ్జిబిషన్ సామాను ఊరి బయట రుసైల్ గోదాములోంచి, ఒమన్ చివరి ఊరు బురైమి మీదుగా సరిహద్దు దాటుతుంది. అందులో ఏదో ఒక పెట్టెలో రఘుపతి ఉన్నాడు. ఈ కబురు పంపింది షైస్తా. ఎగ్జిబిషన్‌కు అందమంతా ఆమే. ముఠా జీతం తింటూ ఇటు కబుర్లు పంపుతుంది. అటు ఎన్ని పంపుతోందో ఆమెకే తెలియాలి.

"శవపేటికలోనే ఉంటాడు భాయ్. చుట్ట కథ వాళ్ళకూ తెలుసు."

"అనుకోని తెరవకు. సూపర్‌వైజర్ జేబుల రిమోట్ ఉంది. నువ్వు తప్పు పెట్టె ముట్టినవా, వాడు నొక్కుతడు. రఘుపతి ఉన్న పెట్టెల విషం గ్యాస్. గోదాములో కెమెరా కూడ ఉంది. బురైమిల బాస్ చూస్తుంటడు, పక్కన నేను, షైస్తా చాయ్ తాగుతుంటం. నేను బయటపడి 'వాన' అని మెసేజ్ పెడత. అప్పుడు తెరువు."

"మెసేజ్ రాకపోతే?"

జహీర్ జిప్పు లాగాడు. "అది నువ్వు ఆలోచించు. అందుకే గద నిన్ను పెట్టింది."

రుసైల్ గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ మోతకు చెవులు చిల్లులు పడుతున్నాయి. రజిత చేతిలోని సెన్సర్ గుండె చప్పుడు పసిగట్టాలి. దానికి ఇంజను గుండె తప్ప మరేదీ వినపడలేదు. గేటు బయట మఫ్టీలో ఒమన్ పోలీసులు ఆమె సైగ కోసం చూస్తున్నారు. ఫోన్ మూగగా ఉంది.

పాత కర్ర చిట్లుతుందని శవపేటికను మనుషుల చేత మోయిస్తున్నారు. ముందు కొమ్ము గంగన్నది, వెనక పోచన్నది. ఇద్దరూ జగిత్యాల వైపు వాళ్ళు. లారీకి సగం దూరంలో గంగన్న ఆగాడు.

"దించున్రి."

కడప నుంచి వచ్చిన సూపర్‌వైజర్ కమ్రాన్ ఉరికొచ్చాడు. "ఏందిరా ఆపినారు? లారీ కాసుకోనుండాది."

"సగం తొవ్వల దించాలె సార్. దించి, చెవుల మూడుసార్లు పిలవాలె. మా తాన గంతే."

"ఎవుర్ని పిలుస్తావు? అది ఖాళీ పెట్టె."

"ఖాళీదైతే పలుకడు. పోయేదేముంది? ఆ బండి బంద్ చెయ్యమనురా పోచన్నా, ఇనవడాలె గద."

కూలీలు నవ్వారు. కమ్రాన్ కూడా పళ్ళు కొరుకుతూనే నవ్వాడు. ఫోర్క్‌లిఫ్ట్ ఆగింది. గోదామంతా నిశ్శబ్దం.

గంగన్న పెట్టె తలవైపు వంగాడు. "పేరు తెల్వదాయె. ఏమని పిలవాలె?"

సీలు పరీక్షిస్తున్నట్టు రజిత అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మూత సందులో నోరు పెట్టి మెల్లగా పిలిచింది. "రఘుపతీ."

ఏమీ లేదు.

"రఘుపతీ."

ఏమీ లేదు.

మూడోసారి పిలిచాక, లోపల గోళ్ళతో గీకిన చప్పుడు.

కూలీల నవ్వు ఆగిపోయింది. కమ్రాన్ చెయ్యి జేబులోకి పోయింది. రజిత ఫోన్ చూసింది. వాన లేదు. తలెత్తితే పైన కెమెరా ఎర్ర కన్ను. అటువైపు బాస్ పక్కన జహీర్ కప్పు పట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆమె చెయ్యి కదిలితే వాళ్ళు చూస్తారు. కదలకపోతే ఈ గోళ్ళు ఆగిపోతాయి.

సీలు నంబర్లు రాసుకునే పెన్ను మీట ఆమె నొక్కింది. అందులోంచి సన్నని మత్తు సూది దూసుకెళ్ళి కమ్రాన్ మెడలో దిగింది. అతని బొటనవేలు రిమోట్ మీటను తాకిందే గాని నొక్కలేకపోయింది. అతను కూలగానే ఆమె గేటు వైపు చెయ్యెత్తింది, పోలీసులు లోపలికొచ్చారు.

మూత లేపారు. రఘుపతి కళ్ళు చికిలించి, ఎండిన పెదవులతో నీళ్ళడిగాడు.

గంగన్న చెమట తుడుచుకున్నాడు. "ఊర్లె ఎంతమందినో పిలిచిన మేడం. పలికినోడు ఈయనొక్కడే."

రజిత ఫోన్ చెవికి పెట్టుకుని ఉంది. అటువైపు జహీర్ ఫోన్ మోగుతూనే ఉంది.

వారం తిరక్కుండానే షైస్తా ఢిల్లీలో కనిపించింది, కొత్త ఉంగరంతో. ఆమె ఎక్కడికి పోయినా తిరిగొస్తుంది. జహీరుద్దీన్ బురైమి నుంచి తిరిగి రాలేదు. అతను వెళ్ళింది నవంబరు పద్నాలుగు, గురువారం.