గేటు దాటనివ్వని కాలేజీ

సిరిసిల్లలో పద్మశాలీల వాడకు కొత్తవాళ్లెవరు వచ్చినా ముందు ముక్కు మూసుకుంటారు. పడుగు అనే నిలువు నూలుపోగులకు పెట్టే జొన్నగంజి పులిసి, గోడలకూ గడపలకూ కూడా ఆ కంపు పట్టి ఉంటుంది. వాడలో పుట్టి పెరిగినవాళ్లకు మాత్రం అది తెలియదు. అనసూర్యకు ఇరవై ఆరేళ్లు వచ్చినా, తమ్ముడు లక్ష్మీరాజం ముక్కు చిట్లించినప్పుడు తప్ప ఇంట్లో ఆ వాసన ఉందన్న సంగతే గుర్తుకు రాదు.

ఆ పొద్దున కూడా వాడు ముక్కు చిట్లించాడు. ఇంటి ముందు బజారులో తండ్రి అంబదాస్ రెండు గుంజల మధ్య పడుగు సాగదీసి కడుతున్నాడు. తల్లి చంద్రవ్వ గంజికుండ మోసుకొచ్చి దించింది. లక్ష్మీరాజం తెల్లంగీ వేసుకుని అరుగు మీద కూర్చుని, చేతిలో ఇంగ్లీషు పుస్తకం తిరగేస్తున్నాడు.

"జర దూరం జరుగు రాజం, అంగీకి గంజి అంటుతది" అంది అనసూర్య. పదకొండేళ్లుగా రోజుకు పదిసార్లు అనే మాట అది. వాడు జరిగాడు.

అనసూర్య నాలుగో తరగతిలో బడి మానేసి రాట్నం ముందు కూర్చుంది, నూలు కండెలు చుట్టడానికి. పెళ్లయింది, మొగుడు హనుమండ్లు బొంబాయి దగ్గర భీవండి మిల్లులో పనికి పోయి పండక్కి పండక్కి వచ్చి పోతాడు. ఆమె పుట్టింట్లోనే ఉండిపోయింది, తమ్ముడు చదువుకోవాలని. వాడు చదివాడు కూడా. ఆ 1964వ సంవత్సరం హయ్యర్ సెకండరీ ఫస్టు క్లాసులో పాసయ్యాడు. వాడలో అదివరకు ఎవరూ పాసవలేదు.

ఇక పట్నంలో యూనివర్సిటీ. హెడ్మాస్టరు భూమన్న సారు రెండు ఫారాలు, కాలేజీల నియమాలున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెప్పించాడు. పుస్తకంతో పాటు ఒక ఫారం రాజానికిచ్చి, పాడుచేస్తే పనికొస్తుందని రెండోది తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆ యూనివర్సిటీ తీరే వేరు. దాని కింద మూడు కాలేజీలున్నాయి. పాఠాలు ఒకటే, పరీక్షలు ఒకటే. కానీ ఉండటం, తినటం, పడుకోవటం ఎవరి కాలేజీలో వాళ్లే. తోట కాలేజీ, దేవిడీ కాలేజీ, చెరువు కాలేజీ అని పిల్లలు పెట్టుకున్న పేర్లు. ఏది ముందు కావాలో, ఏది తర్వాతో ఫారంలో వరుసగా రాయాలి. ఒకసారి చేరితే మూడేళ్లూ అక్కడే.

"యాడ బువ్వ మంచిగ పెడ్తరురా?" అంది చంద్రవ్వ. ఆమెకు కాలేజీ అంటే అంతే.

"అన్నీ ఒక్కతీరే అవ్వా. దేవిడీ కాలేజీ మంచిది. ఎన్కట నవాబు ఉన్న పెద్ద బంగ్లా, దేవిడీ అది. దొరవారి కొడుకు రామకిషన్‌రావు గూడ గండ్లనే చేరుతుండు."

"సార్ ఏమన్నడు?" అన్నాడు అంబదాస్, గుంజకు ముడి బిగిస్తూ.

"అన్నీ మంచియే అన్నడు బాపు" అన్నాడు రాజం, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"మరి మేం నిన్ను చూడొస్తే యాడ కూసుంటంరా?" అంది చంద్రవ్వ.

"చూద్దాం తియ్యవ్వా."

అంబదాస్ చేతులు తుడుచుకుని, రాజం నింపిపెట్టిన ఫారం అందుకున్నాడు. నైజాం కాలంలో మూడేళ్లు బడికి పోయిన మనిషి, ఉర్దూ తప్ప వేరే అక్షరం రాదు. కొడుకు వేలు పెట్టి చూపించిన చోట కుడి నుంచి ఎడమకు తన పేరు రాశాడు. తండ్రి సంతకం చేస్తుంటే కొడుకు ఇటు చూడకుండా బజారు వైపు చూస్తున్నాడని అనసూర్య గమనించింది. సిగ్గనుకుంది.

"అక్కా, సార్ దగ్గర సంతకం నువ్వే చేయించుకరాయే. నాకు జర పనుంది" అన్నాడు వాడు.

అనసూర్య పొంగిపోయింది. చేతులు మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కుంది. ఫారానికి గంజి కంపు పట్టకూడదని పెట్టెలోంచి కొత్త తువ్వాల తీసి అందులో చుట్టింది. సారుకు తిరిగివ్వాల్సిన పుస్తకం దాని కింద పెట్టుకుని, పసిబిడ్డను మోసినట్టు రెండు చేతులతో మోసుకుపోయింది.

భూమన్న సారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫారం విప్పి చదివాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివాడు.

"గిదేందమ్మా? తోట కాలేజి ముందుగల్ల రాయి అని పదిసార్లు చెప్పిన. వీడు దాన్ని ఆఖరుకు రాసిండు."

"దేవిడీదే మంచిదన్నడు సార్."

"మంచిదే. కాని మీ అవ్వ బాపుల గేటు దాటనియ్యరు. ఎవరొచ్చినా గేటు కాడ ఓ అర్రుంటది, గండ్ల కూసోని మాట్లాడి పోవాలె. తోట కాలేజిల గట్ల కాదు. చేరిన నాడు ఇంటోళ్లు రావాలె, పిల్లల పక్కన కూసోని మెస్సుల బువ్వ తినాలె. గది వాళ్ల పద్ధతి. నాకు గందుకే గా కాలేజంటే పానం."

అనసూర్యకు ఇంకా అర్థం కాలేదు. "వానికి తెల్వదేమో సార్" అంది.

సారు పుస్తకం తెరిచాడు. ఒక పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకేం తెలుస్తాయి? కానీ అక్షరాల కింద ఎర్ర పెన్సిలుతో కొట్టిన గీత తెలుస్తుంది. పుస్తకమంతా తిరగేసినా వేరే గీత లేదు. మెస్సు దగ్గర లేదు, లైబ్రరీ దగ్గర లేదు.

"చూడొచ్చేటోళ్లను గేటు లోపలికి రానియ్యం అన్న మాట కిందనే గీత కొట్టుకున్నడమ్మా" అన్నాడు సారు మెల్లగా. ఆ తర్వాత ఫారంలో ఇంకో చోట వేలు పెట్టాడు. "తండ్రి ఏం పని చేస్తడు అన్న కాడ బట్టల వ్యాపారం అని రాసిండు. అంబదాస్ దుకాణం ఎప్పుడు వెట్టిండు?"

సారు సంతకం పెట్టలేదు. లోపలికి పోయి రెండో ఫారం తెచ్చి, మొదటిదాంతో కలిపి ఆమె చేతిలో పెట్టాడు. "రేపు పొద్దున తపాలాల పడాలె. మీ ఇంట్ల మాట్లాడుకోండ్రి. ఏది తెచ్చినా సంతకం వెడ్త."

తిరిగి వస్తూ అనసూర్య తువ్వాలను ఒంటికి దూరంగా పట్టుకుంది. కోపం కాదు, దుఃఖం కూడా కాదు, రోత. కుళ్లిన కూరగాయ చేతికి తగిలినట్టు. ఈ చేతులతోనే కదా వాడికి అన్నం కలిపి పెట్టింది. ఈ వేళ్లు పొద్దంతా నూలు లాగి కోసుకుపోతే, రాత్రి కారం తగిలి మండుతున్నా ముద్దలు చేసి పెట్టింది. ఆ ముద్దలు తినేటప్పుడు కూడా వాడు ముక్కు బిగపట్టుకునే తిన్నాడా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను చాలామందిని చూసింది. అవ్వను, బాపును గేటు బయట నిలబెట్టడానికి ఎర్ర పెన్సిలు పట్టుకుని కాలేజీ వెతికినవాణ్ణి ఇప్పుడే చూసింది. తువ్వాలలో ఉన్న కాగితాన్ని ముట్టుకోవాలన్నా అసహ్యం వేసింది.

ఇంటి ముందు పడుగుకు గంజి పెట్టడం మొదలైంది. అటు అంబదాస్, ఇటు చంద్రవ్వ, నడుమ పక్కింటి దేవవ్వ పొడవాటి కుంచెలతో గంజి పూసి పోగులు విడదీస్తున్నారు. నాలుగో కుంచె అనసూర్యది. అది కుండ పక్కన ఊరికే పడి ఉంది. రాజం తలకు నూనె రాసుకుని అరుగు మీదే ఉన్నాడు.

"సంతకం వెట్టిండా?" అన్నాడు లేచి.

అనసూర్య మొదటి ఫారం తీసి వాడి ఛాతీ మీదికి విసిరింది.

"గేటు కాడి అర్రల ఎంతసేపు కూసోనిస్తరురా మమ్ముల? అర్ధ గంటనా, గంటనా? అది గూడ గీత కొట్టుకుంటివా?"

వాడి మొహం మాడిపోయింది. దేవవ్వ కుంచె ఆపింది.

"అక్కా, మెల్లగ."

"ఎందుకు మెల్లగ? బట్టల వ్యాపారి కొడుకువట గదా. నీ బాపు దుకాణం యాడుందో చెప్పు, మేం గూడ పోయి ఓ చీర కొనుక్కుంటం! థూ! ఏరు దాటినంక తెప్ప కాలవెడ్తరంటరు. నువ్వు దాటకముందే కాలవెడితివి గదరా! నిన్ను జూస్తె నాకు రోతయితుంది."

అంబదాస్ గంజి చేతులతోనే వచ్చాడు. కింద పడ్డ ఫారాన్ని చూశాడు. అందులో అతను చదవగలిగింది తన సంతకం ఒక్కటే.

"నేను సంతకం వెట్టిన కాగితంల నేనే లేనారా?" అన్నాడు.

అరిచి ఉంటే రాజం తట్టుకునేవాడేమో. తండ్రి అంత నెమ్మదిగా అడిగేసరికి వాడు గోడకు చేరగిలబడ్డాడు. మాట్లాడింది కూడా తండ్రితో కాదు, అక్కతో.

"బడిల నా పక్కన కూసున్నోడల్లా ముందుగల్ల వాసన జూసేటోడు. పొద్దుగాల రెండుసార్లు తానం చేసి పోయేటోన్ని. అయినా జూసేటోళ్లు. నేనేం చెయ్యాలె?"

"గందుకని అవ్వ బాపుల దాచిపెడ్తవా?"

"ఎవరు నేర్పిండ్రక్కా నాకు దాచిపెట్టుడు?" వాడు గోడ వదిలి ముందుకొచ్చాడు. "నేనొక్కన్నే రోత పడ్డనా? దూరం జరుగు, అంటుతది అని రోజు ఎవరన్నరు? ఆరేండ్లున్నప్పుడు బాపు పక్కన మగ్గం మీద కూసుంటే రెక్కవట్టి గుంజి కొట్టినవ్, యాదికుందా? నువ్వు గీ రొంపిల పడొద్దు అన్నవ్. గంజి ముట్టనియ్యలే, కుంచె ముట్టనియ్యలే. గిది మంచిది కాదు, దీని నుంచి తప్పించుకో అని పదకొండేండ్లు చెప్పినవ్. నేను నేర్చుకున్న. ఇప్పుడు రోత అంటున్నవ్."

అనసూర్య చూపు వాడి రెక్క మీదికి పోయింది.

కొట్టిన మాట నిజమే. ఆ దెబ్బకు వాడి రెక్క మీద తన వేళ్లు తేలిన సంగతి కూడా ఆమెకు గుర్తుంది. ప్రేమతోనే కొట్టింది. కానీ ఆ ప్రేమ మాట్లాడిన మాట ఏమిటి? నీ ఇల్లు కంపు, మీ బాపు పని రొంపి, మేమందరం అంటుకునే మురికి అని. పొద్దున తాను మాత్రం ఏం చేసింది? సబ్బు పెట్టి మూడుసార్లు చేతులు కడుక్కోలేదా, సారు దగ్గర కంపు కొట్టకూడదని కొత్త తువ్వాలలో చుట్టుకుపోలేదా! వాడు ఎర్ర పెన్సిలుతో గీత కొడితే, తాను సబ్బుతో కొట్టింది. ఇందాక తమ్ముడి మీద పుట్టిన రోత మొత్తం వెనక్కి తిరిగి ఆమె గొంతులోకే వచ్చింది. అరుగు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడుపులు తర్వాత ఏడ్వుండ్రి" అన్నాడు అంబదాస్. "పడుగు ఆరుతుంది. పోగుకు పోగు అతుక్కుంటె నెల దినాల పని మట్టిల కలుస్తది. నాలుగో కుంచె ఎవరన్న వట్టుండ్రి."

అనసూర్య లేవబోయింది. అంతకుముందే రాజం అంగీ విప్పి అరుగు మీద పడేశాడు. కుంచె తీసుకుని కుండలో ముంచాడు. గంజి మోచేతుల దాకా కారింది.

'ముట్టకు రాజం' అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. పదకొండేళ్ల అలవాటు కదా. పళ్లు బిగించి ఆ మాటను మింగేసింది.

వాడికి ఒక్కటీ చేతకాలేదు. ఎగువకు లాగాల్సింది దిగువకు లాగాడు. టప్‌మని ఏడెనిమిది పోగులు తెగాయి.

"ఫస్టు క్లాసు మొగోడు!" అంది దేవవ్వ. "పోరడా, గది పెన్సిలు కాదు, గట్ల గుచ్చకు."

చంద్రవ్వ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. అంబదాస్ వచ్చి కొడుకు వెనక నిలబడి, వాడి చేతి మీద చెయ్యి వేసి కుంచె నడిపించాడు. అనసూర్య తెగిన పోగులు ఒక్కొక్కటే ఏరి అతికింది. కళ్లలో నీళ్లు నిండి పోగు కనబడకపోతే ఆగి తుడుచుకుని మళ్లీ అతికింది.

పొద్దు వాలేవేళకు పడుగు ఆరింది. రాజం రెండో ఫారం ముందేసుకుని కూర్చున్నాడు. చేతులు కడుక్కున్నాడు కానీ గోళ్ల సందుల్లో గంజి అలాగే ఉంది. మొదటి గీత మీద తోట కాలేజీ అని రాశాడు.

"మెస్సుల బల్ల మీద కూసోని తినాల్నటరా?" అంది అనసూర్య, వాడి మొహం చూడకుండా. "నాకు రాదు గదరా గట్ల తినుడు."

"నేర్చుకుందువు తియ్యి. నేను కుంచె వట్టుడు నేర్చుకోలే?"

"నేర్చుకున్నవ్! ఎనిమిది పోగులు తెంపినవ్."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. కలం తండ్రి పని అన్న చోటికి వచ్చింది.

"అక్కా, నన్ను చూస్తే ఇంక రోతగనే ఉన్నదా?"

"ఉన్నది" అంది ఆమె. "నీ మీద జర, నా మీద శాన. పోతది తియ్యి. రాయి."

"బాపు పని ఏమని రాయాలె?"

"నీ చెయ్యి వాసన జూసుకో. గదే రాయి."

వాడు నిజంగానే చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఈసారి ముక్కు చిట్లించలేదు. తల వంచుకుని ఇంగ్లీషులో ఒక్క మాట రాశాడు, నేత అని. అంబదాస్ దాన్ని చదవలేడు. అయినా కొడుకు చేత రెండుసార్లు పైకి చదివించుకుని, కింద తన పేరు రాశాడు.

మర్నాడు పొద్దున అనసూర్య ఫారాన్ని ఊరికే చేత పట్టుకుని భూమన్న సారింటికి పోయింది. తువ్వాల పెట్టెలోనే ఉంది. సారు ఫారమంతా చదివి తృప్తిగా తలూపాడు. సంతకం పెట్టబోతూ, కాగితం మూల మీద బూడిదరంగు వేలిముద్ర ఒకటి చూసి ఆగాడు. దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు.

"గిదేం వాసనమ్మా?"

అనసూర్య తల దించుకోలేదు.

"గంజి సార్" అంది. "మా తమ్ముని చెయ్యిది."