అధ్యక్షుడి తుంటి

ఆదివారం పొద్దున వంటింట్లో సాంబారు కలుపుతున్న కోకిలకు హాల్లో కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినబడింది. ఎవరు జరుపుతున్నారో వెళ్ళి చూడక్కర్లేదు. ఒక కుర్చీ జరుగుతుంది, ఆ తరువాత ఒక మూలుగు, మళ్ళీ ఇంకో కుర్చీ.

"మామా! ఆ కుర్చీల జోలికి పోవద్దని చెప్పినానా లేదా?"

"నేను యాడ పోయినా? ఈడే కూర్చోనుండా" అన్నాడు లోకనాథం, నిలబడే.

మేనమామనే పెళ్ళి చేసుకున్నది గనుక కోకిల అతణ్ణి ఇప్పటికీ మామా అనే పిలుస్తుంది. లోకనాథం జంతువుల ఎముకలకు ఆపరేషన్లు చేసే డాక్టరు. తిరుత్తణిలో రోజూ లోకల్ రైలెక్కి తిరువళ్ళూరు పోయి, లారీ కింద పడిన కుక్కలకూ, గుంతలో కాలు ఇరికి విరిగిన దూడలకూ ఎముకలు అతికించి వస్తాడు. ఆ పని తెలిసినవాళ్ళు ఈ పక్క కొద్దిమందే. వాళ్ళందరినీ పోగుచేసి పశువుల ఎముకల శస్త్రవైద్యుల సంఘం అని పెట్టిందీ అతనే, పెట్టిననాటి నుంచి దానికి అధ్యక్షుడూ అతనే.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ అధ్యక్షుడి కుడి తుంటి అరిగిపోయి రెండేళ్ళు దాటింది. మార్చాల్సిందేనని చెన్నైలో పెద్ద డాక్టరు చెప్పాడు. స్టేషనులో మెట్ల వంతెన ఎక్కేటప్పుడు మనిషి చెమటతో తడిసిపోతాడు. రాత్రి పక్క మీద ఒత్తిగిలాలంటే మంచం కోడు పట్టుకుంటాడు. ఏమైందని అడిగితే, "వాతం" అంటాడు.

ఫోను మోగింది. చెన్నైలో ఉన్న కూతురు సింధూర.

"అమ్మా, మంగళవారం ఆస్పత్రిలో చేర్చుకుంటారంట. నాయన ఏమంటా ఉండాడు?"

"ఏమంటాడు? మహాసభ అయిపోనీ అంటా ఉండాడు. పోయిన తూరి ఊత్తుకోటలో పశువుల శిబిరం. దానికి ముందర ఎవురో పెద్ద ప్రొఫెసరు వొస్తాడని చెప్పె. ఈ సంఘం పుట్టి నా కొంప ముంచిందే తల్లీ!"

"నువ్వు అరవద్దు, నిమ్మదిగా చెప్పు."

"నిమ్మదిగానా? నిమ్మదిగా చెప్పి చెప్పి నాకే బీపీ వొచ్చింది. పెట్టెయ్, వాళ్ళు వొచ్చేస్తారు."

వాళ్ళు వచ్చారు. సంఘం కార్యదర్శి శ్యామ్‌సుందర్ పొదటూరుపేట నుంచి, చంద్రావతి చిత్తూరు నుంచి, అందరికంటే చిన్నవాడు పార్థిబన్ తిరువళ్ళూరు నుంచి. తిరువళ్ళూరులో జరగబోయే మహాసభ గురించి మాట్లాడాలి. ఇడ్లీలు సగం అయ్యేసరికి గొడవ మొదలైంది. భోజనాలు ముందా, ఎన్నికలు ముందా? భోజనం పెడితే జనం నిద్రపోతారని శ్యామ్‌సుందర్, పెట్టకపోతే లేచిపోతారని చంద్రావతి. ఈ సంఘంలో ఇంతవరకు ఏ ఒక్క విషయం మీదా అందరూ ఒకే మాట మీదకు వచ్చింది లేదు.

గొడవ ఆపడానికన్నట్టు లోకనాథం గది నుంచి ఫైలు తెస్తానని లేచాడు. గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ, ఒక్కో అడుగుకీ పళ్ళు బిగించి నడిచాడు. చట్నీ గిన్నెతో గుమ్మంలో నిలబడిన కోకిల అతణ్ణి చూడలేదు. మిగతా ముగ్గురినీ చూసింది. ముగ్గురూ తలలు వంచుకుని ప్లేట్లలోకి చూస్తున్నారు. అందరికీ తెలుసు! కుక్క నడక చూసి రోగం చెప్పేవాళ్ళు, మనిషి నడక తెలియనట్టు నటిస్తున్నారు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గిన్నె అక్కడే పెట్టేసి, బీరువా తెరిచి పెద్ద కవరు తెచ్చింది. అప్పుడే వచ్చి కూర్చున్న భర్త వైపు చూడకుండా దాన్ని చంద్రావతి చేతిలో పెట్టింది.

"డాక్టరమ్మా, ఒక కేసు ఉండాది. చూసి చెప్పండి."

చంద్రావతి ఎక్స్‌రే తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. చాలాసేపు చూసింది. "ఇది కుక్కది కాదు గదక్కా" అంది మెల్లగా.

"కాదు. మీ అధ్యక్షుడిది."

"కోకిలా!" లోకనాథం బల్ల మీద చరిచాడు. "లోపలికి పో. ఇది సంఘం మీటింగు."

"నేనూ సంఘంతోనే మాట్లాడతా ఉండా. నేను చెప్తే వినలా, కూతురు చెప్తే వినలా. ఈ మనిషి వింటే మీ మాటే వినాల. రెండు తూర్లు ఆస్పత్రిలో అన్నీ కుదిర్చితే, రెండు తూర్లూ మీ పని చెప్పే ఎగ్గొట్టినాడు. ఊత్తుకోట శిబిరం ఈయన లేకుంటే జరగదా? అడుగుతా ఉండా, చెప్పండి!"

శ్యామ్‌సుందర్ తెల్లబోయాడు. "అదేందక్కా? ఆ శిబిరానికి రావొద్దండి, మేము చూసుకుంటామని సారుకు నేనే చెప్పినా. సారే పట్టుబట్టి వొచ్చినారు."

కోకిల భర్త వైపు తిరిగింది. అతను ఆమె చూపు తప్పించి, విసురుగా లేవబోయాడు. సగం లేచేసరికి తుంటి పట్టేసింది. లేవలేక, కూర్చోలేక, బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. పార్థిబన్ ఉరికొచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"సార్, తీర్మానం పెడతా ఉండా" అంది చంద్రావతి, ఎక్స్‌రే ఇంకా చేతిలోనే ఉండగా. "మన అధ్యక్షుడికి ఆపరేషను అయ్యి, లేచి నడిచేదాకా మహాసభ వాయిదా."

"బలపరస్తా ఉండా" అన్నాడు శ్యామ్‌సుందర్. పార్థిబన్ చెయ్యెత్తాడు.

"నన్ను అడగొద్దా?" అన్నాడు లోకనాథం.

"మీ ఒక్కరి ఓటు పోతే ఏం సార్? తీర్మానం నెగ్గింది" అంది చంద్రావతి.

వాళ్ళు వెళ్ళిపోయారు. కోకిల ప్లేట్లు ఎత్తుతూ ఉండబట్టలేక మళ్ళీ మొదలుపెట్టింది.

"నాకు అబద్ధం ఎందుకు చెప్పినావు మామా? సంఘం పనీ సంఘం పనీ అని..."

"భయం మే కోకిలా."

ఆమె చేతిలో ప్లేటు ఆగిపోయింది.

"ఆ ఆపరేషను నా చేత్తో చేసినోణ్ణి" అన్నాడు లోకనాథం నేల చూస్తూ. "రంపంతో ఎముక తల కోస్తాం. దాని బదులు లోహపు బంతి పెట్టి సుత్తితో కొడతాం. ఆ చప్పుడు నాకు తెల్సు. పాపం, కుక్కకి ఏమీ తెలీదు, తోక ఊపుకుంటా వొస్తాది. నాకు అన్నీ తెల్సు. మత్తిచ్చినాక లేవనివాటినీ చూసినా. ఎవురికి చెప్పేది? ఇంతమందికి ధైర్యం చెప్పేటోడు, నాకు భయమని ఎట్ల చెప్తాడు?"

రెండేళ్ళుగా మొండితనం అనుకుంది. తనకన్నా, పిల్లకన్నా ఆ సంఘమే ఎక్కువనుకుని కుమిలిపోయింది. ఈ మనిషి సంఘం పనుల చాటున దాక్కున్నాడా! కోకిల ప్లేట్లు వదిలేసి అతని పక్కన కూలబడింది.

"ఆ మాట నాకు చెప్పకూడదా? నేనేమన్నా ఊరంతా టముకు వేస్తానా?"

"నువ్వు అరస్తా ఉంటివి గదా."

"నాకు మాత్రం భయం లేదా మామా?" ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "లోపలికి పోయినోడివి తిరిగి రాకుంటే ఏం చేసేదని నాకూ భయమే. అందుకే అరస్తా ఉంటి."

తరువాత లోకనాథమే ఫోను తీసి కూతురికి చేశాడు. "మంగళవారానికి చెప్పేయ్ మా" అన్నాడు.

చెన్నైలో మత్తు డాక్టరు అడిగిన అన్నిటికీ జవాబు చెప్పి, చివర్లో లోకనాథం సిగ్గుపడకుండా అడిగాడు: "నాకు చాలా భయంగా ఉండాది సార్. ఆ సుత్తి చప్పుడు నాకు వినబడకూడదు." వినబడకుండా బాగా నిద్రపుచ్చుతామని ఆయన మాట ఇచ్చాడు. థియేటరు తలుపు దాకా కోకిల చెయ్యి వదల్లేదు.

సాయంత్రం ఆమెను లోపలికి రానిచ్చేసరికి అతను కళ్ళు తెరిచే ఉన్నాడు. పెదవులు ఎండిపోయాయి. ఆమెను చూసి ఏదో గొణిగాడు. కోకిల వంగి చెవి పెట్టింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది మామా. బాగా జరిగిందంట."

అతను కాసేపు ఊపిరి పీల్చుకుని, "ఏ సైజు బంతి వేసినారో అడిగినావా?" అన్నాడు.

కోకిల తల కొట్టుకుంది. "నీ ఎముకల పిచ్చి తగలెయ్య!" అని తిట్టబోయి, తిట్టు సగంలోనే వెక్కి వెక్కి ఏడ్చేసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఉండు, పోయి అడిగొస్తా" అంటూ డాక్టరు గదివైపు నడిచింది.